తొలివాన

బెంగళూరు ఎన్నడూ ఎరగని ఎండల తర్వాత, ఐదు నెలలకు వాన పడింది. మా అపార్ట్‌మెంట్ పక్కన మోకాటి లోతుకు ఇంకిపోయిన చెరువులో చేపలు పెంచే రామాంజి, గట్టు మీద తడుస్తూ గంతులేశాడు.

"మొక్కుకుంటిని అక్కా! నా చేపలు బతికిపాయ!"

తెల్లారేసరికి చెరువుకు నీళ్లొచ్చాయి. చేపలన్నీ చచ్చి తేలాయి.

"దేవుడే నీళ్లిచ్చి, దేవుడే చంపితే ఇంకెవర్ని అడిగేదక్కా?" అన్నాడు రామాంజి, వాటిని బుట్టకెత్తుతూ.

వేసవంతా వానకాలువలో పేరుకున్న మురుగును ఆ వాన ఒక్కసారిగా చెరువులోకి నెట్టింది. ఆ కాలువలోకి మా అపార్ట్‌మెంట్ మురుగు పైపు కలిపినప్పుడు, అసోసియేషన్ తరఫున సంతకం పెట్టింది నేనే. చెప్పాలా? చెబితే మాత్రం చేపలు బతుకుతాయా?

"దేవుడికి కళ్లు లేవులే రామాంజీ," అన్నాను.