అర్జీదారు కుడి బొటనవేలు

తన మీద వచ్చిన అర్జీని తానే విచారించడం హెడ్ కానిస్టేబుల్ వరహాలరావుకు ఇది నాలుగోసారి.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఎవడో కొండవాడు పోలీసు సూపరింటెండెంటు దొరకు అర్జీ పెట్టుకుంటాడు. వేలిముద్ర లేకపోతే అది చెత్తబుట్టలోకి పోతుంది. ముద్ర ఉంటే ‘విచారించి రిపోర్టు చేయవలెను’ అన్న ముక్కతో ఠాణాకు దిగుతుంది. ఠాణా అంటే వరహాలరావే. ఆయన అర్జీదారు ఇంటికి వెళ్తాడు. సాయంత్రానికల్లా ఆ మనిషి ఇంకో కాగితం మీద అదే వేలు నొక్కుతాడు: ‘నేను చెప్పినదంతా అబద్ధం.’

ఇంతవరకూ ముగ్గురు నొక్కారు.

నాలుగోది తిరకాసుగా వచ్చింది.

‘లింబగుడ వాళ్లచేత హెడ్డుగారు కూలి లేకుండా బరువులు మోయిస్తున్నారు. కోళ్లూ మేకలూ పట్టుకుపోతున్నారు. మిగతాది దొరవారి ఎదుట చెప్పుకుంటాను. పేరు రాస్తే బతకనివ్వరు. దొరవారు దయచేస్తే, ముద్ర వేసిన వేలు చూపించి హాజరవుతాను.’

దాని కింద ‘అర్జీదారు కుడి బొటనవేలి ముద్ర’ అన్న అక్షరాలు. ఆ కింద నల్లగా ముద్ర.

పేరు లేదు. ముద్ర ఉంది కాబట్టి బుట్టలోకీ పోలేదు. పైగా దొర తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు. పదిహేను రోజుల్లో అర్జీదారు ఎవరో తేలకపోతే తానే గుర్రమెక్కి వస్తాడట.

దొర వస్తే జబ్బ మీది పట్టీలు ఊడతాయి. వాటికోసం వరహాలరావు పందొమ్మిదేళ్లు పనిచేశాడు.

రాత ఎవరిదో వెతకనక్కర్లేదు. డుంబ్రిగుడ సంతలో కొండవాళ్లకు కాగితాలు రాసిపెట్టేది లింబగుడ మిషను బడి పంతులు దైవాధీనం ఒక్కడే.

“ఏటి పంతులూ, ఈ రాత నీదేనా?”

“నాదేనండి.”

“ఏలెవడిది?”

“చెప్పనని మాటిచ్చానండి.”

“పోనీ ఇది చెప్పు. ఎడంది ఏయించి కుడి అని రాసి నన్ను తిప్పుదామని గాని సూత్తన్నావా?”

“లేదండి. కుడి బొటనవేలే. బైబిలు మీద ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.”

వరహాలరావుకు అది చాలు. పంతుల్ని కొడితే మిషను దొరసాని మద్రాసుకు ఉత్తరం రాస్తుంది. కొట్టనక్కర్లేదు కూడా. దైవాధీనానికి అబద్ధమాడే అలవాటు లేదని ఏజెన్సీ అంతటికీ తెలుసు.

ఠాణాలో భూతద్దం తీశాడు.

“సూడు సన్యాసిరావూ. రూపాయి బిళ్లకి రవ్వంత తక్కువ. మీద ఈ పగుళ్లు సూడు. ఎవడో నాగలి పట్టే మోటు మనిషి.”

కానిస్టేబుల్ సన్యాసిరావు చూశాడు. “ఏలే ఇంతుంటే మనిషెంతుంటాడో బాబూ. మనిద్దరం సాలమేమో.”

మర్నాడు పొద్దున్నే లింబగుడలో ఊరంతటినీ వరసలో నిలబెట్టారు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ కూడా వచ్చారు. సన్యాసిరావు సిరా పలక పట్టుకున్నాడు.

“బేగి రండి. కుడి బొటనేలు. ఒక్కొక్కరే.”

వరసలో అందరికంటే భారీ మనిషి పోతురాజు. వరహాలరావు కళ్లు ముందే అతని మీద పడ్డాయి.

“ఏలు మళ్లీ ఇచ్చేత్తారా బాబూ?” అన్నాడు పోతురాజు.

వెనక ఎవరో నవ్వి, ఆపేశారు. పోతురాజు వెనక నిలబడ్డవాడు సోంబరు. నెల కిందట బరువు ఎత్తనన్నందుకు సోంబరు రెండు బొటనవేళ్ల మీదా తుపాకీ మడమ పడింది. మిషను ఆసుపత్రిలో మిగిలింది తీసేశారు. తుపాకీ వరహాలరావుదే.

“నువ్వు అవతలికి పో,” అన్నాడు వరహాలరావు అతని ముఖం చూడకుండా. “నీతో పని లేదు.”

సోంబరు వెళ్లి బడి అరుగు మీద కూర్చున్నాడు.

పోతురాజు వేలు నొక్కారు. అర్జీ మీది దానిలో సగం కూడా లేదు. గట్టిగా నొక్కారు. మూడోసారి వరహాలరావే పట్టుకుని నొక్కాడు. సిరా చిందింది కానీ వేలు పెరగలేదు.

మొత్తం తొంభై ఒక్క ముద్రలు. పదమూడు రాత్రులు భూతద్దం పెట్టి చూశాడు. ఒక్కటీ కలవలేదు.

పదిహేనో రోజున దొర వచ్చాడు. బడి ముందు బల్ల వేయించుకుని కూర్చున్నాడు. తెలుగు పరీక్ష ప్యాసైన దొర.

“అర్జీ అబద్ధమండి,” అన్నాడు వరహాలరావు, కాగితాల కట్ట ముందు పెట్టి. “ఆ ముద్రేసినోడు ఈ ఊళ్లో లేడండి.”

“అందరివీ తీశావా?”

“బొటనేలున్న పెతి మనిషిదీ తీశానండి.”

“ముద్ర వేసిన వేలు చూపించి హాజరవుతానన్నాడు కదా. ఉంటే రమ్మను.”

జనం అటూ ఇటూ జరిగారు. మధ్యలోంచి సోంబరు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

పదిహేను రోజుల తర్వాత వరహాలరావుకు మొదటిసారి నవ్వొచ్చింది.

“సిత్తం, వీడు కాదండి. వీడికి బొటనేళ్లే లేవండి.”

దొర నోట్లోంచి చుట్ట తీశాడు. “ఎలా పోయాయి?”

“రాయి పడిందండి.”

“రెండు చేతుల మీదా?”

వరహాలరావు బల్ల మీది కాగితాల కట్ట సర్దాడు.

“ముద్ర నీదేనా?” అని దొర సోంబరును అడిగాడు.

“నాదే బాబూ.”

దైవాధీనం బల్ల మీది సిరా పలక తీసి నేల మీద పెట్టగానే, సోంబరు కుడికాలు ముందుకు చాపాడు.