బొమ్మలో బండ

“ఆ బండ చెరిపెయ్యమ్మా,” అన్నాడు తండ్రి.

కూతురు కుంచె ఆపి వెనక్కి చూసింది. సాయంత్రమే ప్రదర్శన. హాల్లో అప్పుడే కుర్చీలు వేస్తున్నారు. గోడ మీద నిలువెత్తు బొమ్మ. నీళ్ల అడుగున గడ్డి మేస్తున్న సముద్రపు ఆవు, దాని పొట్టని ఆనుకుని పిల్ల, పైన నీళ్లలోంచి లేచిన చీలిక బండ. ఆ తీరంలో ఆ జాతికి మిగిలింది ఈ తల్లీ పిల్లా మాత్రమే. తండ్రే పడవలో తీసుకెళ్లి చూపించాడు.

“బండ తీసేస్తే బొమ్మ వెలవెలబోతుంది నాన్నా. నడుము విరగ్గొట్టుకుని గీశాను.”

“పడవ ఉన్న ప్రతివాడికీ ఆ బండ తెలుసు. దాని కింద ఏముందో తెలీదు, అంతే. నువ్వు గీసింది బొమ్మా, దారి చూపే బోర్డా?”

“జనం చూసి జాలిపడాలనే కదా గీసింది.”

“జాలిపడేవాడు ఇంటికి పోతాడు. మాంసం కావలసినవాడు అక్కడికి పోతాడు.”

కూతురికి నవ్వొచ్చింది. “బుట్టలకొద్దీ చేపలు పట్టేవాడివి. నీకింత జాలి ఎప్పుడు పుట్టుకొచ్చింది?”

తండ్రి నవ్వలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

“ఆ పిల్లని చూశావుగా. ఇంకా పాలు తాగుతోంది.”

కూతురు వెడల్పు కుంచె తీసి నీలం రంగులో ముంచింది. ముందు చీలిక పోయింది. తర్వాత బండ పోయింది. చివరికి ఉత్త నీళ్లు మిగిలాయి. ఏ సముద్రమైనా కావచ్చు. బొమ్మ ముందు ఫ్యాను పెట్టి, కళ్లు తుడుచుకుంది.

“ఇదివరకు ఎవరికైనా చూపించావా?”

“లేదు నాన్నా. ఫొటో కూడా తియ్యలేదు.”

“మంచి పని చేశావు తల్లీ.”

ప్రదర్శన పెట్టిన మేడం అప్పుడే లోపలికి వచ్చి బొమ్మ చూసింది. “మీలాంటి పెద్దాయన రెండు ముక్కలు చెబితే జనం మనసుకెక్కుతుంది. సాయంత్రం మీరు వేదికెక్కాలి,” అంది.

“నాకు మాటలు రావమ్మా. పడవ పని ఉంది.”

కూతురు గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుని వదిలింది. తండ్రి మెట్లు దిగి, వీధి మలుపు తిరిగాక ఫోను తీశాడు.

“బామ్మర్దీ, పెద్ద వల పట్టుకురా. ఇక ఆ చోటు బయటివాడెవడికీ తెలీదు. ముందు పిల్లని పట్టేద్దాం, తల్లి దానంతటదే వస్తుంది.”