నడుమ నడవని శాంతకుమారి

“నడుమకు రండమ్మా! మళ్లీ అంచుకే పోతున్నారు!”

ఫిజియోథెరపీ చేయించే వందన గొంతులో విసుగు దాగలేదు. కళ్లకు వీఆర్ అద్దాలు కట్టుకున్న శాంతకుమారి, చేతులు రెండూ చాచి, పాదం ముందు పాదం పెడుతూ ఊగుతోంది. ఆ అద్దాల్లో ఆమెకు ఒక రోడ్డు కనిపిస్తుంది. మధ్యలో వెడల్పుగా పసుపురంగు బాట. దాని మీద తిన్నగా నడిస్తే చాలు.

క్యాన్సర్ మందులకు ఆమె పాదాలు మొద్దుబారాయి. నిలబడితే తూలిపోయేది. సూర్యాపేట దవాఖానాలో ఈ అద్దాలు పెట్టి మళ్లీ నడక నేర్పుతున్నారు. ఇవాళ పరీక్ష. నెగ్గకపోతే వాకర్ తప్పదు. వాకర్ పట్టుకుని పొలం గట్టు ఎక్కేదెట్లా అన్నదే ఆమె దిగులు.

గుమ్మం దగ్గర భర్త పెంటయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

“మనూరు మోతెల మబ్బు పట్టిందంట. రోడ్డు మీద ఎండబోసినయన్ని తడుస్తయ్. జల్ది కానియ్యవే!”

“నన్నేం జెయ్యమంటవ్? చెప్పులు ఇడువనియ్యుమను, నడుమల నడుస్త.”

“కుదరదమ్మా” అంది వందన. “మీ పాదాలకు స్పర్శ లేదు. ఏం గుచ్చుకున్నా తెలీదు.”

“అయితే నాతోని గాదు.”

పెంటయ్య గుమ్మం దాటి లోపలికొచ్చాడు. “మొన్న మంచిగనే నడిసింది గదా మేడం?”

“మొన్నటిది పార్కులో బాటండీ. రోడ్డు పెట్టడం ఇవాళే మొదలు. ఇంకొక్కసారి చూద్దాం.”

ఈసారీ అంతే. రోడ్డు అంచున, జానెడు సందులో, చెమటలు కక్కుతూ చివరిదాకా పోయింది. పడలేదు. కానీ బాట మీద ఒక్క అడుగూ వేయలేదు. అడుగడుక్కీ మిషను కుయ్యిమంటూనే ఉంది.

“ఇక వాకరే రాస్తున్నా” అంది వందన.

పెంటయ్య గోడకు జారగిలబడ్డాడు. శాంతకుమారి అద్దాలు లాగేసింది. కళ్లలో నీళ్లు, వాటి వెనుక కోపం.

“చెప్పులతోటి వడ్లు తొక్కమంటవా బిడ్డా?”