తొట్టి నిండేదాకా

సిగ్నల్ లేకే కరుణమ్మ చచ్చిపోయింది. మిరప చేలో గుండె పట్టేసి ఆమె చేసిన ఫోను మొగుడు దైవసహాయానికి కలవలేదు. ఇందులో ఇంక వాదనేం లేదు.

ఏడాది తిరిగాక మెకానిక్ అమర్నాథ్ అదే చేలో బోరు మోటారుకి కొత్త పెట్టె బిగించాడు.

"నేలలో తడి ఎంతుందో దీనికి కబురొస్తది పెదనాన్నా. దాన్నిబట్టి మోటారు వేసి ఆపుద్ది. సిగ్నల్ పోయి కబురు రాకపోతే, నువ్వు రోజూ ఎట్టా వేస్తున్నావో చూసుకుని అదే అంచనా వేసుకుంటది."

"నా చేను మీద దాని అంచనా ఏందిరా?"

కొన్నాళ్ళకి ఒక రాత్రి సిగ్నల్ పోయింది. పెట్టె మీద నమ్మకం లేక దైవసహాయం బ్యాటరీ లైటు పట్టుకుని చేలోకి వెళ్ళాడు. చివరి సాలు తడిసింది. మోటారు ఆగింది. కీచురాళ్ళు కూడా ఊరుకున్నాయి.

మోటారు మళ్ళీ నడిచింది.

అలా వేసేది కరుణమ్మ ఒక్కతే. చేను తడిశాక, పొద్దున్నే వచ్చే గొర్రెల కోసం తొట్టి నింపేది. కరెంటు దండగని అతను తిడితే, "వాటికి దప్పిక కాదా ఏంది?" అనేది. ఆమె పోయాక అతను ఒక్కనాడూ నింపలేదు. ఈ పెట్టె ఆమెను చూడనే లేదు.

నీళ్ళు నేలపాలవుతున్నాయి. అతను బోర్లించి ఉన్న తొట్టిని తిప్పి, బూజు తుడిచి, పైపు కింద పెట్టాడు. అంచుదాకా నిండగానే మోటారు ఆగింది.

తెల్లారి అమర్నాథ్ వచ్చాడు. "రాత్రి సిగ్నల్ లేదంట గదా పెదనాన్నా. ఎత్తున యాంటెన్నా కడతా."

"వద్దు."

"మరి అంచనా తప్పితే?"

గొర్రెలు తొట్టి చుట్టూ తోసుకుంటున్నాయి. దైవసహాయం వాటినే చూస్తూ, "దాని అంచనా తప్పుద్దన్న మాట ఇంకెప్పుడూ ఎత్తొద్దు" అన్నాడు. తనూ మళ్ళీ ఎత్తలేదు.