తలుపు మీది కార్యక్రమం

సోమవారం ఉదయం ఆరూ నలభైకి, సెలవులకు అద్దెకు తీసుకున్న కాటేజీ వంటగది తలుపుకు అంటించి ఉన్న కాగితాన్ని బీమా కంపెనీ మేనేజరు మొదటిసారి చదివాడు. ఆరు రోజులు, రోజుకు ఒకటి. సోమవారం కోళ్లగూడు. మంగళవారం కట్టెలు. బుధవారం బంగాళాదుంపల చేను. గురువారం కంచెకు రంగు. శుక్రవారం గొర్రెల పాక. శనివారం కాలవ. అన్నీ ఉదయం ఏడింటికే మొదలు.

"చూశావా," అన్నాడు భార్యతో. "ప్రోగ్రామంతా వాళ్లే వేసిపెట్టారు. అన్నీ పిల్లలతో కలిసి చేసేవే."

భార్య బడిలో లెక్కలు చెబుతుంది. కాగితం రెండుసార్లు చదివింది. కోళ్లగూట్లో చూడ్డానికి ఏముంటుందని అడిగింది.

ఆ ప్రశ్న వెనక తోడల్లుడున్నాడు. నిరుడు సెలవులకు ఆయన తన కుటుంబాన్ని సముద్రపు ఒడ్డున ఉన్న హోటల్‌కు తీసుకెళ్లి నలభై మూడు ఫొటోలు పంపాడు. అప్పటినుంచి ఈ ఇంట్లో సెలవుల మాట ఎప్పుడొచ్చినా ఆ నలభై మూడూ బయటికొస్తాయి. ఈసారి పిల్లల నోట 'బోర్' అన్న మాట ఒక్కసారి వినపడినా, వచ్చే ఏడాది నుంచి సెలవులన్నీ అక్కాబావల వెంటేనని భార్య బయల్దేరకముందే తేల్చేసింది. తోడల్లుడి కారులో, వెనక సీట్లో, తోడల్లుడు పెట్టిన పాటలు వింటూ. మేనేజరుకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

ఏడింటికి గేటు దగ్గర ఒక పెద్దాయన కనిపించాడు. కాగితం గురించి అడిగితే, ఔను, ఈ వారానికి అవేనన్నాడు. నాలుగు జతల చేతి తొడుగులు తెచ్చిచ్చాడు. రెండు జతలు పిల్లల సైజువి.

"పిల్లలకు కూడా పెట్టారు. ఫ్యామిలీ ఫ్రెండ్లీ అంటే ఇదీ," అన్నాడు మేనేజరు.

పెద్దాయన గోడ మీద కూర్చుని పెంట ఎటునుంచి ఊడ్చాలో, గడ్డి ఎంత మందాన పరచాలో చెప్పాడు. ఏడేళ్ల కొడుకుకు పదకొండు గుడ్లు దొరికాయి. వాడు సాయంత్రం దాకా వాటి గురించే మాట్లాడాడు. మేనేజరు ఆ సంగతి భార్యకు రెండుసార్లు గుర్తుచేశాడు.

మంగళవారం, ఇంట్లో పుల్ల విరిచి అవతల పెట్టని మనిషి మధ్యాహ్నానికి సగం దుంగలు చీల్చాడు. భార్య వాటిని కొట్టంలో పేర్చింది.

"ఇంట్లో చేస్తే పాచిపని, ఇక్కడ చేస్తే విహారమా?" అని అడిగింది.

"అనుభవం," అన్నాడతను, నడుం మీద చెయ్యి తియ్యకుండా.

అమ్మగారు పేర్చినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ పేర్చలేరని పెద్దాయన గోడ మీదనుంచి అన్నాడు. ఆమె ఇంకో రెండు వరుసలు పేర్చింది.

బుధవారం పొద్దున పన్నెండేళ్ల కూతురు టేబుల్ సొరుగులోంచి ఒక పుస్తకం పట్టుకొచ్చింది. అందులో సరస్సు మీద పడవలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, సీతాకోకచిలుకల తోట ఉన్నాయి. అన్నీ అరగంట దూరంలోనివే.

"నాన్నా, మనం వీటికెందుకు వెళ్లట్లేదు?"

"అవి టూరిస్టులకమ్మా."

"మరి మనం?"

మేనేజరు పెద్దాయన వైపు చూశాడు. పడవ ఎక్కడైనా ఎక్కొచ్చన్నాడు పెద్దాయన. పుస్తకం సొరుగులోకి వెళ్లింది, నలుగురూ చేలోకి వెళ్లారు. పొద్దు గూకే వేళకు పద్నాలుగు బస్తాలయ్యాయి.

గురువారం కంచె దగ్గర ఒక ట్రాక్టరు ఆగింది. డ్రైవరు నలుగురినీ, వాళ్ల చేతుల్లో బ్రష్షుల్నీ చూశాడు.

"ఈ వారం వీళ్లా?" అని పెద్దాయనను అడిగాడు.

"వీళ్లే."

"బాగా కుదిరారు."

మేనేజరు బ్రష్షు పైకెత్తి ఊపాడు.

ఆ రాత్రి పిల్లలిద్దరూ ఎనిమిదింటికే కంచాల ముందు కునికారు. బోర్ అనడానికి కూడా ఓపిక ఉండాలి. శుక్రవారం గొర్రెల పాకలోంచి మేనేజరు తోడల్లుడికి అరవై ఒక్క ఫొటోలు పంపాడు. గంటలో ఫోన్ వచ్చింది.

"ఏం తమ్ముడూ, నీకు పార పట్టుకోవడం కూడా వచ్చా?"

"నేర్పేవాళ్లుంటే వస్తుంది అన్నయ్యా. మీకు కష్టంలెండి. పొద్దున ఏడింటికల్లా తయారుగా ఉండాలి."

తోడల్లుడు వెంటనే కాటేజీ వాళ్ల నంబరు అడిగాడు.

శనివారం కాలవలో పూడిక తీశారు. ఆదివారం పదింటికి కారెక్కారు. పిల్లలు బోర్ అనలేదు. వచ్చే ఏడాది ఎక్కడికో మీరే చెప్పండి అంది భార్య. పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. మేనేజరు తొడుగులు తిరిగిచ్చి, పెద్దాయన చెయ్యి పట్టుకుని, ఇలాంటి గైడును తాను ఎక్కడా చూడలేదన్నాడు. పెద్దాయన తల ఊపాడు. కారు మలుపు తిరిగాక తొడుగులు ఉతికి తీగ మీద ఆరేశాడు.

మధ్యాహ్నం రెండింటికి, పట్నంలో ఉండే యజమానురాలు ఆయనకు ఫోన్ చేసింది. ఈ సాయంత్రం దిగేది ఇప్పుడు వెళ్లినవాళ్ల బంధువులేనని, మొత్తం ఐదుగురని చెప్పింది. తర్వాత వేరే సంగతి అడిగింది.

"పోయినవారం నీకు చెప్పిన పనులు ఎంతవరకు వచ్చాయి పెద్దయ్యా?"

"అయిపోయాయమ్మా."

"కాలవ కూడానా? ఈ వయసులో ఒక్కడివే ఎలా చేస్తున్నావయ్యా?"

"అలవాటమ్మా. ఈ వారానివి చెప్పండి, రాసుకుంటా."

ఆమె ఐదు చెప్పింది. ఎరువు కుప్ప చేలోకి మోసే పని కూడా ఈ వారమే పెట్టేద్దామని ఆయనే ఆరోది చేర్చాడు. మరీ అంత కష్టపడొద్దని ఆమె మందలించి ఫోన్ పెట్టేసింది.

పెద్దాయన ఆ ఆరూ రాసిన కాగితాన్ని కాటేజీ వంటగది తలుపుకు అంటించాడు.