ఫైలు చూసినవారు

తాతయ్య చరిత్ర రాస్తున్నాడు మా తమ్ముడు. పుస్తకం పేరు ‘సత్యసంధుడు’. అట్ట మీద తాతయ్య కంటే వాడి బొమ్మే పెద్దది.

గోదాం దొంగతనం కేసులో తాతయ్య జంకకుండా సాక్ష్యం చెప్పి కాపలావాడిని జైలుకు పంపాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ కాగితాల కోసం తాతయ్య పుట్టిన నగరానికి, కోర్టు రికార్డు గదికి వచ్చాం.

“మా అక్కయ్యకి జపం తప్ప ఏమీ తెలీదు. సంచి మోస్తుందని తెచ్చా,” అన్నాడు గుమాస్తాతో. గుమాస్తా నవ్వలేదు, ఫైలు తెచ్చాడు.

చివరి కాగితం దగ్గర తమ్ముడి వేలు ఆగింది. సాక్షి చెప్పింది పచ్చి అబద్ధమని పై కోర్టు తేల్చింది. అప్పటికే కాపలావాడు జైల్లో పోయాడు.

“ఇది వదిలేద్దాంలే. ఎవడు చూడొచ్చాడు?”

“చూసినవాళ్లు ఇక్కడుంటారండీ.” గుమాస్తా అట్ట లోపలి పట్టీ చూపించాడు. “ఫైలు తెరిస్తే పేరూ, సంబంధమూ రాయాలి.”

పట్టీలో ఒకే ఒక్క పేరుంది. పక్కన ‘మనవరాలు’ అని, ఇరవై తొమ్మిదేళ్ల కిందటి తేదీ.

“తెలిసీ నోరు మూసుకున్నావా అక్కయ్యా?”

“నువ్వు ఇవాళ దాస్తున్నావు. నేను అప్పుడే మొదలుపెట్టాను.”

నా పేరు కిందే మళ్లీ సంతకం చేశాను. కాపలావాడి ఇంటి చిరునామా రాసిమ్మని గుమాస్తాను అడిగాను.

“మరి నా పుస్తకం?” అన్నాడు తమ్ముడు.

“వాళ్లింటికి పట్టుకెళ్దాం. పేరు వాళ్లే పెడతారు.”