రోడ్డు దాటని లడ్డూలు

"ఇంకొక్క అడుగు ముందుకేశావో, పళ్ళెంతో సహా సీజ్ చేస్తాను!"

మిఠాయి కొట్టు పనివాడు కాంతి ఒక కాలు కొట్టు మెట్టు మీద, ఇంకో కాలు రోడ్డు మీద పెట్టి బిగుసుకుపోయాడు. అతని నెత్తిన లడ్డూల పళ్ళెం ఉంది. కేక వేసింది పన్నుల శాఖ ఇన్‌స్పెక్టర్ హిరేన్. ఈ ఊరికి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త బూట్లు, మెడలో గుర్తింపు కార్డు. కొత్త ఇన్‌స్పెక్టర్లకు ఉండే చురుకు గురించి చెప్పేదేముంది!

కొట్టు యజమానురాలు, ఊరందరికీ పిన్ని వరసైన జమ్నామాసీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏంటి సాహెబ్, వాడేమన్నా గంజాయి మోస్తున్నాడా? ఎదురింటికి లడ్డూలు."

"ఎదురిల్లు ఏ రాష్ట్రం మాసీ?"

"మహారాష్ట్ర."

"మీ కొట్టు?"

"గుజరాత్. రోడ్డు మధ్యలో ఆ తెల్లగీతే సరిహద్దు. చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. అయితే ఏంటట? మా మేక రోజూ అటెళ్ళి మేసొస్తుంది. దాన్నీ పట్టుకుంటారా?"

"మేకకి జీఎస్టీ లేదు. లడ్డూకి ఉంది," అన్నాడు హిరేన్. "మీరు చిన్న కొట్లవాళ్ళకిచ్చే కాంపోజిషన్ స్కీములో ఉన్నారు. వందకి రూపాయి కట్టి హాయిగా ఉన్నారు. కానీ ఆ స్కీములో ఉన్నవాళ్ళు సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. ఇక్కడ అమ్మితే పన్ను సగం ఢిల్లీకి, సగం మన గాంధీనగర్‌కి. మీ మనిషి ఆ గీత దాటి సరుకు అందించాడా, అది రాష్ట్రాల మధ్య అమ్మకం. దాని పన్ను వేరు. అందులో వాటా మహారాష్ట్రకి పోవాలి. మీ స్కీము ఊడుతుంది, పైన జరిమానా."

"నాలుగంగల్లో దాటే రోడ్డుకి ఇంత రామాయణమా!"

మాట పెళుసుగానే అన్నది కానీ, జమ్నామాసీ గుండె జారిపోయింది. స్కీము పోతే ఈ కొట్టు నడపడం ఆమె తరం కాదు. అలాగని లడ్డూలు పంపకపోతే ఎదురింట్లో శుభకార్యం ఆగిపోతుంది. సోనవణే వాళ్ళ అమ్మాయి వైదేహికి ఈ సాయంత్రమే నిశ్చితార్థం. మగపెళ్ళివారి మిఠాయి పొట్లం అమ్మాయి ఒళ్ళో పడితేనే ఆ ఇంట మాట ఖాయమైనట్టు. పెళ్ళికొడుకు తల్లి సూరత్ నుంచి ఫోన్లోనే ఆర్డరిచ్చి, నేరుగా ఎదురింటికి పంపమంది. ఇప్పుడు జమ్నామాసీ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. దారిలో ఉన్నారు కాబోలు.

"పోనీ, నేనిక్కడ నిలబడి ఒక్కో లడ్డూ విసురుతా. వాళ్ళు అటు నిలబడి పట్టుకుంటారు."

"విసిరినా చేరేది మహారాష్ట్రకే కదా మాసీ."

"గాల్లో ఉన్నప్పుడు ఏ రాష్ట్రం సాహెబ్?" అన్నాడు కాంతి, పళ్ళెం దించకుండానే.

హిరేన్‌కు నవ్వొచ్చింది. బలవంతాన ఆపుకుని, మామిడాకులు కట్టిన ఎదురింటి గుమ్మం వైపు చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"ఇంకో రోజైతే చూసీ చూడనట్టు పోయేవాణ్ణేమో. ఇవాళ మాత్రం కుదరదు."

"ఇవాళేం ప్రత్యేకమో!"

హిరేన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. జమ్నామాసీకి కళ్ళనీళ్ళొచ్చాయి.

"ఆ పిల్ల నా చేతి జిలేబీ తిని పెరిగింది సాహెబ్. దాని నిశ్చితార్థం లడ్డూ వేరేవాళ్ళతో కట్టించడం ఇష్టంలేక, తెల్లారకముందే లేచి నేనే కట్టాను. ఏదో ఒక దారి చూపించండి."

"దారి ఉంది మాసీ. కొన్నవాళ్ళు మీ కొట్టుకొచ్చి, ఇక్కడే సరుకు చేతికందుకుంటే అది గుజరాత్ అమ్మకమే. ఆ తర్వాత వాళ్ళు దాన్ని మహారాష్ట్రకి మోసుకుపోతారో, చంద్రమండలానికి మోసుకుపోతారో మీకు సంబంధం లేదు."

"ఎవరొస్తారయ్యా? మగపెళ్ళివారు కారు దిగి తిన్నగా ఆ గుమ్మంలోకి పోతారు. పెళ్ళికొడుకు వచ్చి నెత్తిన పెట్టుకుని మోస్తాడా ఏంటి?" అని, అతన్ని ఎగాదిగా చూసింది. "మీకు పెళ్ళయిందా సాహెబ్?"

"ఇంకా కాలేదు."

"అదీ సంగతి! మీ నిశ్చితార్థానికి ఎవడైనా ఇలా అడ్డుపడితే అప్పుడు తెలుస్తుంది ఆ నొప్పి."

"తెలుస్తుంది మాసీ," అన్నాడు హిరేన్ బుద్ధిగా. "అసలు మీరు మామూలు రిజిస్ట్రేషన్‌కి మారిపోండి. కాగితాలన్నీ దగ్గరుండి నేను చేయిస్తాను. అప్పుడీ రోడ్డేం ఖర్మ, కాశ్మీర్ దాకా పంపుకోవచ్చు. ఈ లడ్డూలు ఒక్క రాష్ట్రంలో ఆగిపోవాల్సినవి కావు."

"కాశ్మీర్ సంగతి తర్వాత. ఇవాళ ఆ పిల్ల మొహం ఎలా చూడను?"

అంతలో ఎదురింటి ముందు ఒక కారు ఆగింది. పట్టుచీరల వాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. సన్నాయి మొదలైంది. జమ్నామాసీ మెట్టు మీద కూలబడిపోయింది.

హిరేన్ మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. రుమాలు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, కాంతి ముందు కాస్త వంగి నిలబడ్డాడు.

"కొంచెం జాగ్రత్తగా ఎత్తించండి మాసీ, చొక్కా కొత్తది. సూరత్ నుంచి మీకు ఫోన్ చేసింది మా అమ్మే."